ఒక మిల్లీమీటరు సందు

హైదరాబాద్ పాతబస్తీలో సందులకు కొదవ లేదు. శాలిబండ నుంచి చార్మినార్ వైపు నడుస్తుంటే రెండు పక్కలా తెరుచుకునే గల్లీల్లో కొన్ని ఎంత ఇరుకంటే, రెండు స్కూటర్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి తగ్గాల్సిందే. నేను చెప్పబోయే సందు వాటన్నిటికంటే ఇరుకు. వెడల్పు ఒక మిల్లీమీటరు, ఓ వెంట్రుక అటో ఇటో. బారాత్ ముందు నడుస్తూ క్లారినెట్ వాయించే మనిషి ఊపిరంతా ఆ సందులోంచే పోవాలి, పెళ్లికొడుకు గుర్రం దిగేదాకా.

ఆ సందు ఉండేది మౌత్‌పీసు కొసన. క్లారినెట్ పైన నోట్లో పెట్టుకునే నల్లటి ముక్క ఉంటుంది, పక్షి ముక్కులా ఏటవాలుగా చెక్కినట్టు, అదే మౌత్‌పీసు. దాని కింది వైపు పొడవాటి కిటికీ. కిటికీని కప్పుతూ రెల్లు పలక, అంటే రీడు, ఒక పట్టీతో బిగించి ఉంటుంది. రీడు మొదలు చదునైన చోట గట్టిగా ఆనుకుంటుంది. కొస దగ్గరికి వచ్చేసరికి మౌత్‌పీసు అంచులు మెల్లగా వంగి రీడుకు దూరమవుతాయి. ఆ వంపు పొడవు 17 నుంచి 20 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. వంపు ముగిసే చోట, కొసకూ రీడుకూ మధ్య మిగిలే ఖాళీయే మన సందు. జేబులోని డెబిట్ కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. కార్డున్నర ఉంటుందేమో ఆ సందు, అంతే.

నాకు దీని సంగతి డబ్బు పోయాక తెలిసింది. నలభై దాటాక క్లారినెట్ నేర్చుకోవాలన్న బుద్ధి పుట్టింది. వాయిద్యంతో పాటు వచ్చిన ప్లాస్టిక్ మౌత్‌పీసు మీద నాలుగు నెలలు సరిగమలు రుద్దాను. తర్వాత ఒక దుకాణంలో, "అది పిల్లల సరుకు, పెద్ద విద్వాంసులు వాడేది ఇది" అన్నారు. వేలు పోసి కొన్నాను. ఇంటికొచ్చి ఊదితే బుస్సుమని గాలి. ఇంకా గట్టిగా ఊదితే కోడి గొంతు నొక్కినట్టు ఒక కీచు. పది నిమిషాలకు దవడలు లాగాయి. పాత ముక్క తగిలిస్తే మళ్లీ హాయిగా పలికింది. ఖరీదైనది మొరాయించి చవకది మాట వింటే, తప్పు నాదేనని ఎవరైనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

శాలిబండ వైపు ఒక బ్యాండు దుకాణంలో కూర్చునే పెద్దాయనకు దాన్ని చూపించాను. అందరూ ఆయన్ను ఉస్తాద్ అనే పిలుస్తారు. మౌత్‌పీసును ట్యూబులైటుకు ఎదురుగా పట్టి, సూదిలో దారం ఎక్కించేవాడిలా ఒక కన్ను మూసి, పక్క నుంచి సందును చూశారు. "పీసు మంచిదే సాబ్. మీరే దీనికి ఇంకా తయారు గాలె" అని, తన చొక్కా జేబులోంచి తన మౌత్‌పీసు తీసి నా చేతిలో పెట్టారు. నలుపు పోయి ఆకుపచ్చా గోధుమా కాని రంగు. పైన పళ్లు ఆని గుంట పడింది. సందు చూస్తే, నాదానికంటే వెడల్పు! నేను ఊదలేకపోయిన సందు కన్నా పెద్ద సందుతో ఆయన మూడేసి గంటలు బారాత్ లాగుతారు. వయసు చూస్తే నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఊపిరితిత్తుల బలం అనుకుందామా అంటే, దుకాణం మెట్టు ఎక్కడానికే ఆయాసపడతారు.

ఈ చిక్కుముడి విప్పాలంటే రీడు చేసే పని చూడాలి.

ఎండాకాలం ఈదురుగాలికి ఓరగా ఉన్న తలుపు ధడాలున మూసుకోవడం చూసే ఉంటారు. రీడు అలాంటి తలుపే. నోట్లోని గాలి దాన్ని మౌత్‌పీసు మీదికి తోస్తుంది. మెల్లగా ఊదితే తలుపు పెద్దగా కదలదు, ఎంత ఊదితే అంత గాలి లోపలికి పోతుంది. ఊదడం పెంచుతూ పోతే ఒక దశ వస్తుంది. అక్కడి నుంచి గాలి తోపుకంటే తలుపు మూసుకోవడమే ఎక్కువవుతుంది. అంటే గట్టిగా ఊదేకొద్దీ లోపలికి పోయే గాలి తగ్గుతుంది. ఈ తలకిందుల చోటే స్వరం పుట్టే చోటు. క్లారినెట్ గొట్టంలోని గాలి ఊగుతూ మౌత్‌పీసులో పీడనం పెంచినప్పుడల్లా రీడు బయటికి తెరుచుకుని ఇంకొంచెం గాలిని లోపలికి వదులుతుంది. ఉయ్యాల సరిగ్గా వెనక్కి వచ్చిన క్షణంలో చేయి వేసి తోసినట్టు. ఒక్కో ఊపుకూ ఒక్కో తోపు అందుతుంది. సెకనుకు వందల సార్లు.

ఆ దశ ఎక్కడ మొదలవుతుందో లెక్క ఉంది. రీడును పూర్తిగా మూసేయడానికి కావలసిన పీడనం ఎంతో, అందులో మూడో వంతు దగ్గర గాలి ప్రవాహం గరిష్ఠానికి చేరుతుంది, ఆ తర్వాత తగ్గడం మొదలవుతుంది. కాబట్టి మూడో వంతు దాటితేనే స్వరం. సగం దాటితే రీడు ప్రతి ఊపులోనూ మౌత్‌పీసు అంచుకు కొట్టుకోవడం మొదలుపెడుతుంది, ధ్వనికి పదును వస్తుంది. పూర్తిగా మూసేస్తే నిశ్శబ్దం. పెదవి తడి, రీడు బరువు, గొట్టంలో జరిగే నష్టాలు కలిస్తే అసలు అంకెలు కాస్త జరుగుతాయి గానీ కథ ఇదే.

ఈ సరళమైన లెక్కను ధ్వనిశాస్త్రజ్ఞులు రామన్ నమూనా అంటారు. అవును, మన సి.వి. రామన్. విశాఖపట్నంలో తండ్రి ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో అక్కడే చదువుకున్న ఆయన, కాంతి మీద చేసిన పనికి పేరు రావడానికి ముందు చాలా ఏళ్లు వాద్యాల మీద పని చేశారు. కమానుతో వాయించిన వయొలిన్ తీగ ఎలా కదులుతుందో 1918లో ఒక పెద్ద గ్రంథమే రాశారు. కమాను తీగను పట్టుకుని వదలడం, రీడు సందును మూసి తెరవడం, గణితంలో ఒకదానికొకటి బంధువులు. తీగ కోసం ఆయన వేసిన బాటలోనే తరవాతి వాళ్లు క్లారినెట్‌నూ నడిపించారు.

ఇప్పుడు చిక్కుముడి దగ్గరికి వద్దాం. రీడును పూర్తిగా మూసే పీడనం దేని మీద ఆధారపడుతుంది? రెండే: రీడు ఎంత బిరుసు, సందు ఎంత వెడల్పు. రెండిటి గుణకారం అది. బిరుసు రీడును ఎక్కువ దూరం వంచాలంటే ఎక్కువ బలం కావాలి, ఇంతకు మించిన రహస్యం లేదు. సందును 1.05 నుంచి 1.2 మిల్లీమీటర్లకు పెంచితే, రీడు మార్చకపోతే, మూసే పీడనం 14 శాతం పెరుగుతుంది. స్వరం మొదలయ్యే మూడో వంతు కూడా అంతే పెరుగుతుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు గొంతు కింద ఉండే పీడనం ఏడెనిమిది సెంటీమీటర్ల ఎత్తు నీటికి సమానం. క్లారినెట్‌కు 30, 40, ఒక్కోసారి 50 సెంటీమీటర్లు కావాలి. అంత బరువు మోస్తున్న ఊపిరి మీద ఇంకో 14 శాతం అంటే ఎవరి దవడ లాగదు?

నేను చేసిన తప్పు ఏమిటంటే సందు పెంచాను, రీడు మాత్రం పాతదే ఉంచాను. నాది మూడో నంబరు రీడు. ఉస్తాద్ వాడేది రెండు. ఆయన సందు నాదానికంటే వెడల్పే, కానీ పలక నాదానికంటే చాలా మెత్తన. గుణకారం వేస్తే ఆయన మోసే బరువు నేను మోసేదానికంటే తక్కువ. ఈ లెక్క ఆయనకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. "చౌడా సందుకు నరం పత్తా, తంగ్ సందుకు కడక్ పత్తా" అన్నారు. వెడల్పు సందుకు మెత్తని పలక, ఇరుకు సందుకు గట్టి పలక. మూడు పేరాల్లో నేను చెప్పింది అదే.

మౌత్‌పీసును మంచిదా చెడ్డదా అని విడిగా అడగడం, చెప్పు మంచిదా అని పాదం చూడకుండా అడగడం లాంటిది. అడగాల్సింది జోడీ గురించి. మౌత్‌పీసు, రీడు, మనిషి. అయినా దుకాణాల్లో పేరూ నంబరూ చూసి కొనేవాళ్లే ఎక్కువ. యమహా కంపెనీ విద్యార్థులకిచ్చే 4సి సందు 1.05 మిల్లీమీటర్లు. ప్యారిస్‌లో 1905లో మొదలైన వాండోరెన్ కంపెనీ తయారు చేసే 5ఆర్‌వి లైర్ 1.09, అదే కంపెనీ బి45 దాదాపు 1.2. జాజ్ వాయించేవాళ్ల కోసం చేసినవి 1.4 దాకా పోతాయి. లైర్‌కూ బి45కూ తేడా ఒక జిరాక్స్ కాగితం మందం. ఆ కాగితం మందాన్ని పెదవి పసిగడుతుంది. రీడు కొస మందమే మిల్లీమీటరులో పదో వంతు కదా మరి.

ఇక్కడ ఒక సందేహం రావాలి. వెడల్పు సందు, మెత్తని రీడు. ఇరుకు సందు, గట్టి రీడు. గుణకారం ఒకటే వచ్చేలా రెండు జోడీలు కుదిరితే, ఊదడానికి రెండూ ఒకటే కదా, ఏదైతేనేం? శ్రమ ఒకటే. ఫలితం ఒకటి కాదు. ఒకే పీడనానికి వెడల్పు సందులోంచి ఎక్కువ గాలి పోతుంది. 1.05కూ 1.2కూ మధ్య అదే 14 శాతం తేడా. ఎక్కువ గాలి అంటే పెద్ద ధ్వని. కానీ ఊపిరి అంతే తొందరగా ఖర్చయిపోతుంది, పదం మధ్యలో మళ్లీ ఊపిరి తీసుకోవాలి. ఇరుకు సందు పొదుపరి. పొడవాటి స్వరాలు నిలుపుతుంది, సన్నగా మొదలుపెట్టి సన్నగా ముగించనిస్తుంది. హాల్లో, కుర్చీలో కూర్చుని, ఎదురుగా కాగితం పెట్టుకుని వాయించేవాడికి అది వరం. గల్లీలో నడుస్తూ, వెనక మర్ఫా దరువుల మోత, ముందు టపాసులు, పక్కన హారన్లు, వీటన్నిటి మీదుగా ఒక రఫీ పాటను వంద గజాల దూరం పంపాల్సిన మనిషికి ఆ పొదుపు ఎందుకు? అతనికి గాలి కావాలి. ఊపిరి తీసుకోవడానికి పాట మధ్యలో ట్రంపెట్లు ఎత్తుకునే చోటు ఎలాగూ ఉంటుంది.

బ్యాండులో క్లారినెట్‌ది గాయకుడి పని. మిగతా ఇత్తడి వాద్యాలు కోరస్. ఇది కొత్త అలవాటు కాదు. 78 ఆర్‌పిఎం రికార్డుల రోజుల్లో మాస్టర్ ఇబ్రహీం హిందీ సినిమా పాటలను క్లారినెట్ మీద పలికిస్తే జనం గాయకుడి రికార్డు కొన్నట్టే కొన్నారు. దక్షిణాదిలో ఈ వాయిద్యం తంజావూరు నాట్యమేళాల్లోకి 19వ శతాబ్దంలోనే చేరింది. దానిమీద కర్ణాటక రాగాలు ఆలపించిన ఎ.కె.సి. నటరాజన్‌కు మద్రాసు మ్యూజిక్ అకాడమీ 2008లో సంగీత కళానిధి ఇచ్చింది. మన నగరానికి క్లారినెట్ దారి వేరు. పటాలం బ్యాండుల దారి. సికింద్రాబాద్ కంటోన్మెంటులో తెల్లవాళ్ల బ్యాండులు, నగరంలో నిజాం సైన్యం బ్యాండులు వాయించిన వాద్యాలు మెల్లగా పెళ్లి ఊరేగింపుల్లోకి దిగాయి. అంతకుముందు ఊరేగింపు వాద్యం అంటే నగారా, షెహనాయి. గుల్జార్ హౌజ్ చుట్టూ ఉన్న నాలుగు కమానుల్లో తూర్పున ఉన్న కాలీ కమాన్‌లో ఒకప్పుడు రాచ నగారాలు మోగే నక్కార్‌ఖానా ఉండేది.

మళ్లీ పెదవి దగ్గరికి వద్దాం. నుర్న్‌బర్గ్‌లో యోహాన్ క్రిస్టఫ్ డెన్నర్ 1700 తర్వాతి తొలి ఏళ్లలో క్లారినెట్‌కు రూపం ఇచ్చినప్పుడు రీడు పై పెదవికి ఆనేలా పట్టుకునేవారు. వంద ఏళ్లకు పైగా పట్టింది దాన్ని తిప్పి కింది పెదవి మీద పెట్టడానికి. కింది పెదవి మెత్తన, దవడతో పాటు కదులుతుంది, రీడు మీద ఒత్తిడిని అది పెంచగలదు, తగ్గించగలదు. మన పాటకు ఈ మార్పు ఎంత మేలు చేసిందో యూరప్ వాళ్లు ఊహించి ఉండరు. మీండ్ తీయాలన్నా, గమకం ఊపాలన్నా, స్వరాన్ని మెల్లగా కిందికి జార్చాలన్నా వేళ్లతో రంధ్రాలను సగం మూయడం ఒక్కటే చాలదు, పెదవి కూడా వదలాలి. వెడల్పు సందు మీద మెత్తని రీడుకు కదిలే చోటు ఎక్కువ, కాబట్టి స్వరాన్ని వంచే చోటూ ఎక్కువ. ఇరుకు సందు మీద గట్టి రీడు స్వరాన్ని ఒకచోట మేకు కొట్టినట్టు నిలబెడుతుంది. సింఫనీ ఆర్కెస్ట్రాలో అది గుణం. బాగేశ్రీ రాగం మీద కట్టిన పాట వాయించేవాడికి అది సంకెల.

మెత్తదనానికి ఖరీదు లేకపోలేదు. మెత్తని రీడు గాలి ఒత్తిడికి తేలిగ్గా లొంగుతుంది. ఆ లొంగుబాటు గొట్టం పొడవు కొంచెం పెరిగినంత పని చేసి శ్రుతిని దించుతుంది. ఉద్ధృతంగా ఊదినప్పుడు క్లారినెట్ శ్రుతి దిగడం, సన్నగా ఊదినప్పుడు ఎక్కడం సహజం. మెత్తని రీడుతో ఈ జారుడు ఇంకా ఎక్కువ. కీబోర్డు పక్కన నిలబడితే దొరికిపోతారు. వీధిలో, అందరూ కలిసి జారుతుంటే, ఎవరు పట్టించుకుంటారు?

సందు ఒక్కటే చూసి మౌత్‌పీసును తేల్చేయకూడదు. లోపల, రీడుకు ఎదురుగా ఉండే పైకప్పు వాలు కూడా ముఖ్యం. దాన్ని బ్యాఫిల్ అంటారు. అది రీడుకు దగ్గరగా, ఎత్తుగా ఉంటే ధ్వనిలో పై స్వరాంశాలు బలపడి మొరటుగా, మెరుస్తూ వస్తుంది. లోతుగా తవ్వి ఉంటే గుండ్రంగా, నీడలో కూర్చున్నట్టు వస్తుంది. మన చెవి బాగా వినేది సెకనుకు 2000 నుంచి 5000 కంపనాల మధ్య. ఊరేగింపు మోతలో బాగా దూరం పోయేది ఆ మెరుపే. అందుకే బ్యాండువాళ్లు ఎంచుకునే మౌత్‌పీసు ఇంట్లో వాయిస్తే చెవిలో గుచ్చుకుంటుంది. అది లోపం కాదు, దాని వృత్తి.

వాయించేవాడు తన ధ్వనిని తానే తీర్పు చెప్పలేడు. పై పళ్లు మౌత్‌పీసు మీద ఆని ఉంటాయి. కంపనం పళ్లలోంచి, పుర్రె ఎముకలోంచి నేరుగా లోపలి చెవికి పోతుంది. మనం వినేది ఎదుటివాడు వినేది కాదు. పళ్ల కింద ఒక పల్చటి రబ్బరు ముక్క అంటించుకుంటే చాలు, అదే మౌత్‌పీసు ఒక్కసారిగా మెత్తబడినట్టు అనిపిస్తుంది, బయట వినేవాడికి ఏమీ మారదు. ఉస్తాద్ కొత్త పీసు పరీక్షించేటప్పుడు కుర్రవాణ్ణి గల్లీ మొదట్లో నిలబెడతారు. అభిప్రాయం అతనిది.

ఇక దేనితో చేశారు అన్న ప్రశ్న. ఎబోనైట్, గాజు, చెక్క, ప్లాస్టిక్, ఒక్కొక్కదానికి ఒక్కో భక్తబృందం ఉంది. జాన్ బాకస్ అనే అమెరికన్ భౌతికశాస్త్రవేత్త 1960లలో సుషిర వాద్యాల గోడలను పరీక్షించి, గొట్టం దేనితో చేశారన్నది ధ్వనిని చెప్పుకోదగ్గంతగా మార్చదని తేల్చారు. మౌత్‌పీసు విషయంలోనూ నేను ఆ పక్షమే. లోపలి ఆకారం, అంచుల కచ్చితత్వం, అవే ధ్వని. కానీ పదార్థం ఎందుకు ముఖ్యమంటే, ఆకారాన్ని నిలుపుకోవాలి కాబట్టి. ఎబోనైట్ అంటే గంధకం బాగా దట్టించి ఉడికించిన రబ్బరు, గంధకం పాలు మూడో వంతు దాకా ఉంటుంది. మామూలు రబ్బరులా సాగదు, చెక్కలా చెక్కవచ్చు, ఇసుక కాగితంతో వెంట్రుకవాసి గీకవచ్చు. పట్టుకుంటే చల్లగా ఉండదు, పళ్లకు జారదు. దాని శత్రువులు రెండు: ఎండ, వేడినీళ్లు. వెలుతురు తగిలేకొద్దీ పైపొరలోని గంధకం గాలితో కలిసి ఆమ్లంగా మారుతుంది, నలుపు పోయి ఆకుపచ్చ తేలుతుంది, నాలుకకు చేదు తగులుతుంది. ఉస్తాద్ పీసు రంగుకు కారణం అదే. రంగు పోతే పోయింది, మే నెల మధ్యాహ్నం ఆటో డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే సందే వంకర పోవచ్చు. కడిగితే చన్నీళ్లతోనే.

కడగడం అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. వాయించే ముందు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ వద్దు. చాయ్‌లోని చక్కెర, బిస్కెట్ పొడి ఉమ్మితో కలిసి బ్యాఫిల్ మీద ఒక పొర కడతాయి. నేను నెల రోజులు వేసవి తేమలేమి వల్ల అనుకున్న కీచుమోత, ఆ పొర గోకేశాక పోయింది. పోయింది కదా అని చాయ్ మానలేదు, నోరు పుక్కిలించడం నేర్చుకున్నాను.

వేసవి తేమలేమి కూడా నిజమే. ఫ్రాన్సు దక్షిణ తీరంలో, వార్ ప్రాంతంలో పెరిగే అరుండో డోనాక్స్ అనే గడ్డి కాడ నుంచి రీడు చెక్కుతారు. తడిసి, ఆరి, తడిసి, ఆరి దాని కొస ముడతలు పడుతుంది. ముడత పడిన రీడు అంచుకు సరిగ్గా ఆనదు, అప్పుడు మౌత్‌పీసు ఎంత మంచిదైనా గాలి కారుతుంది. కెనడాలో 1998లో మొదలైన లెజేర్ వంటి కంపెనీల ప్లాస్టిక్ రీడ్లకు ఈ బాధ లేదు. బారాత్‌లో పాటకూ పాటకూ మధ్య అరగంట ఆగి మళ్లీ ఎత్తుకోవాల్సిన వాళ్లకు అవి నప్పుతాయి. ఉస్తాద్‌కు మాత్రం గిట్టవు. పెదవికి బతికున్నది తగలాలంటారు.

వేడి శ్రుతిని కూడా కదుపుతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ధ్వని వేగం సెకనుకు 0.6 మీటర్లు పెరుగుతుంది, గొట్టం శ్రుతి సుమారు మూడు సెంట్లు ఎక్కుతుంది. అరస్వరం అంటే వంద సెంట్లు. జనవరి రాత్రి 15 డిగ్రీల బారాత్‌కూ మే నెల 40 డిగ్రీల బారాత్‌కూ కాగితం మీద 70 సెంట్లకు పైగా తేడా. ఊపిరి వెచ్చదనం గొట్టాన్ని ఎలాగూ ఒక స్థాయిలో ఉంచుతుంది కాబట్టి నిజంగా అంత రాదు, అయినా చెవికి తెలిసేంత వస్తుంది. మౌత్‌పీసులోని ఖాళీ ఘనపరిమాణం ఇక్కడ పనికొస్తుంది. పెద్ద ఖాళీ ఉన్నది శ్రుతిని దించుతుంది, చిన్నది ఎక్కిస్తుంది. కొన్ని కంపెనీలు ఒకే నమూనాను రెండు శ్రుతులకు చేస్తాయి. వాండోరెన్‌లో 13 సిరీస్ అని ఉన్నది 440 శ్రుతికి. కొనేటప్పుడు చూడరు, తర్వాత గొట్టాల అతుకులు బయటికి లాగి లాగి అలసిపోతారు.

సన్నాయి విద్వాంసుడి ముందు ఇదంతా వింతగా ఉంటుంది. ఆయన వాయిద్యానికి నాలుగైదు పీకలు దారంతో వేలాడుతుంటాయి, పక్కనే వాటిని సరిచేసే సూది. తన నోటికి తగినట్టు తానే గీకుకుంటాడు, నలుపుకుంటాడు. క్లారినెట్ వచ్చాక ఆ పని ఫ్యాక్టరీకి పోయింది. పోయిందని మనవాళ్లు పూర్తిగా ఒప్పుకోలేదు. గాజు పలక మీద సన్నని ఇసుక కాగితం పరిచి మౌత్‌పీసు అంచులను తామే రుద్ది సందు పెంచుకునే బ్యాండువాళ్లు ఉన్నారు. నాలుగు రుద్దులు ఎక్కువైతే తిరిగి రాదు. ఎడమ అంచు, కుడి అంచు సమానంగా దిగకపోతే రీడు వంకరగా మూసుకుంటుంది, ఆ ముక్క ఇక గూట్లో దాచుకోవడానికే. నేను ప్రయత్నించలేదు. చేయి వణికే వయసులో మొదలుపెట్టే పని కాదది.

మరి ఎలా ఎంచుకోవాలి? ఉస్తాద్ నాకు చేయించినది చెబుతాను. మీ వాయిద్యమే, మీరు రోజూ వాడే రీడే తీసుకెళ్లాలి, దాంతో పాటు అర నంబరు మెత్తనిది ఒకటి, అర నంబరు గట్టిది ఒకటి. ఎవరిదో క్లారినెట్ మీద కొత్త మౌత్‌పీసు పరీక్షించడం ఎవరి కళ్లద్దాలతోనో కొత్త టీవీ ఎంచుకోవడం. ముందు శబ్దమే లేకుండా, గాలిని మాత్రమే వదులుతూ, మెల్లగా పెంచుతూ పోవాలి. స్వరం ఎక్కడ పుడుతుందో వినాలి. తేలిగ్గా, ఉలిక్కిపడకుండా పుడితే ఆ జోడీ మీ ఊపిరికి సరిపోతుంది. బుస్సుమంటూ చాలాసేపు రాకపోతే సందో రీడో ఎక్కువ. పుట్టీ పుట్టగానే మూసుకుపోయి నోరు మూగపోతే తక్కువ. తర్వాత అడుగు స్వరం పట్టి, రిజిస్టర్ మీట నొక్కాలి. క్లారినెట్ ఒకవైపు మూసిన సమగొట్టం కాబట్టి పిల్లనగ్రోవిలా అష్టమ స్వరానికి దూకదు, దానికి పైన ఉన్న పంచమానికి, అంటే మూడు రెట్ల కంపనానికి దూకుతుంది. ఆ రెండు స్వరాలూ ఒకదానితో ఒకటి శ్రుతి కలవాలి. కలవకపోతే మౌత్‌పీసు లోపలి ఖాళీ మీ గొట్టానికి నప్పలేదు. దాన్ని సాధనతో సరిచేయగలం అనుకోవడం భ్రమ. పావుగంట కంటే ఎక్కువ పరీక్షించకూడదు. అలసిన పెదవికి ఇరుకు సందే నచ్చుతుంది, అది పెదవి చెప్పే సోమరి సాక్ష్యం.

చాలామంది గురువులు మొదలుపెట్టేవారికి ఇరుకు సందు, మధ్యస్థ రీడు అంటారు. సరైన మాటే. ఒక మెట్టు ఎక్కాక వెడల్పు సందుకు మారమంటారు, దాంతోనే నాకు పేచీ. వెడల్పు మెట్టు కాదు, పక్కదారి. కచేరీ హాల్లో యాభై ఏళ్లు వాయించి ఇరుకు సందుతోనే ఉండిపోవచ్చు. పదిహేనేళ్ల కుర్రాడు లాల్‌దర్వాజ బోనాల ఊరేగింపులో వెడల్పు సందుతోనే మొదలుపెట్టవచ్చు, నరం పత్తా ఉంటే.

2024 అక్టోబరులో నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండు వ్యవస్థలను నిషేధించినప్పుడు నేను ఉస్తాద్‌ను, ఇక మీకు పని పెరుగుతుందా అని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా నా చేతిలోని మౌత్‌పీసు తీసుకున్నారు. రీడు ఇంకో దాంతో మార్చారు. అది రెండున్నర నంబరు, తన డబ్బాలోది. పట్టీ బిగించి, అడుగు రంధ్రాన్ని అరచేతితో మూసి, నోట్లో పెట్టుకుని లోపలి గాలిని గట్టిగా పీల్చేసి నోట్లోంచి తీశారు. రీడు మౌత్‌పీసుకు అతుక్కుని ఉండిపోయింది. అంచులు సమంగా ఉంటేనే, గాలి కారకపోతేనే అలా అతుక్కుంటుంది. ఒక సెకను, రెండు. గల్లీలో ఎవరో హారన్ కొట్టారు. తర్వాత టప్ మని తెరుచుకుంది. "ఇది మీకు పలుకుతది సాబ్" అని తిరిగి ఇచ్చారు.